ఉచ్చారణ పాఠంలో చెవికీ చోటివ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

బడిపిల్లల ఇంగ్లిషు ఉచ్చారణపై మీ పత్రికలో సాగుతున్న చర్చలో అందరూ నాలుక గురించే రాస్తున్నారు తప్ప చెవి ఊసెత్తడం లేదు. ద్రాక్షతీగను చెప్పే ‘వైన్’ (vine)కూ, ద్రాక్షసారాయిని చెప్పే ‘వైన్’ (wine)కూ ఇంగ్లిషులో మొదటి హల్లు వేరు. మొదటిదానికి కింది పెదవి పైపళ్లకు ఆనాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. మన వకారం ఈ రెంటికీ నడుమ ఉండడం వల్ల తెలుగు పిల్లలకు సాధారణంగా రెండూ ఒకటిగానే వినబడతాయి. తేడా వినబడని పిల్లవాణ్ని మళ్లీ మళ్లీ పలకమంటే తన వకారాన్నే మళ్లీ మళ్లీ పలుకుతాడు.

ఇది మన పిల్లలకే ఉన్న లోపం కాదు. కెనడా పరిశోధకులు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లిషు ఇళ్లలో పుట్టిన 6 నుంచి 8 నెలల శిశువుల్లో అత్యధికులు హిందీలోని ట, త ధ్వనుల తేడాను గుర్తించగా, ఏడాది నిండే వేళకు ఆ శక్తి బాగా సన్నగిల్లింది. తెలుగు అంతగా వినకుండా విదేశాల్లో పెరిగిన మన పిల్లలు ‘పాట’ను ‘పాత’తో కలిపేయడం అందుకే వింత కాదు.

అయితే ముందు వినాలి, తర్వాతే పలకాలి అన్నంత సూటిగా కూడా ఇది నడవదు. అమెరికాలో ఇంగ్లిషు నేర్చుకుంటున్న జపాను వారిలో కొందరు ర, ల లను వినడంలో కంటే పలకడంలోనే మెరుగ్గా ఉన్నారని 1982లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. నాలుకను ఎక్కడ ఆనించాలో తెలిస్తే చెవి తోడు లేకుండానే కొంత దూరం పోవచ్చునన్నమాట. దీనికి ఎదురుగా, 1997 నాటి ఇంకో ప్రయోగంలో కేవలం వినికిడి సాధన చేసిన జపాను వయోజనుల ఉచ్చారణ, పలికే పాఠమేదీ లేకుండానే మెరుగుపడింది. కానీ వినడంలో ఎక్కువ ముందుకెళ్లినవారే పలకడంలోనూ ఎక్కువ ముందుకెళ్లారని తేలలేదు. కాబట్టి ఒకటి నేర్పితే రెండోది దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు.

1997 నాటి ఆ వినికిడి సాధనలో పలువురి గొంతులు వినిపించి, జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్పేవారు. మన తరగతిలో వినబడేది ఒక్క ఉపాధ్యాయుడి గొంతు, అదీ తరచుగా రెండు ధ్వనులనూ వకారంగానే పలికే గొంతు! ఇప్పుడు చాలా బడుల్లో డిజిటల్ తెరలున్నాయి కనుక, పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారు ఇలాంటి జంట పదాలను వేర్వేరు గొంతులతో రికార్డు చేయించి, ఏది విన్నారో పిల్లల చేత గుర్తింపజేసే అభ్యాసాన్ని పెదవుల కదలిక నేర్పే పాఠంతోపాటే పెట్టాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్ల ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం