నోర్డ్‌లింగెన్ గుంత అగ్నిపర్వతానిది కాదు

సంపాదకులకు,

జర్మనీలోని నోర్డ్‌లింగెన్ మీద ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం బాగుంది. ఆ ఊరి గుండ్రటి కోటగోడను ఖిలా వరంగల్‌తో పోల్చడం మా పిల్లలకు బాగా నచ్చుతుంది. కానీ ఊరు 'చల్లారిన అగ్నిపర్వతం నోట్లో' ఉందన్నది తప్పు. బడిపిల్లలు కత్తిరించి దాచుకునే పేజీ అది, దయచేసి సరిదిద్దండి.

ఒకప్పుడు అక్కడి శాస్త్రవేత్తలూ అగ్నిపర్వతమనే అనుకున్నారు. వాళ్లను తికమక పెట్టింది సువైట్ అనే రాయి. బూడిదరంగులో ఉంటుంది, నడుమ నల్లటి గాజు పెళ్లలు, గ్రానైట్ తునకలు ఇరుక్కుని కనిపిస్తాయి. చూస్తే అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డట్టే అనిపిస్తుంది. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో అనే భూగర్భ శాస్త్రవేత్తలు అందులో కోయసైట్ అనే ఖనిజాన్ని పట్టుకున్నారు. మన పలుగురాయిలో ఉండే ఖనిజానికే అది మరో రూపం. వాతావరణ పీడనానికి 20 వేల రెట్లు మించిన ఒత్తిడి పడితే గాని తయారవదు. అగ్నిపర్వతం ఎంత పేలినా నేల పైపొరలో అంత ఒత్తిడి పుట్టదు. అంతరిక్షం నుంచి పెద్ద బండ వచ్చి గుద్దితేనే పుడుతుంది. ఆ దెబ్బకే ఊరున్న గుంత పడింది; అది జరిగి సుమారు కోటి 48 లక్షల ఏళ్లయింది. తర్వాత ఆ గుంతలో చెరువు నిలిచి, ఒండ్రు పేరుకుని, ఇప్పటి సారవంతమైన మైదానమైంది. 1970లో అపోలో 14 వ్యోమగాములు చంద్రుడి రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అక్కడికే వెళ్లారు. ఊళ్లోని 90 మీటర్ల చర్చి గోపురం కూడా ఈ సువైట్‌తో కట్టిందే. మన గ్రానైట్ అంత గట్టిది కాదు, వానకూ మంచుకూ పెచ్చులూడుతుంది, మరమ్మతు తప్పదు.

వ్యాసం చదివితే కోటగోడే గుంత అంచేమో అనిపిస్తోంది. అదీ కాదు. గుంత అడ్డకొలత సుమారు 24 కిలోమీటర్లు, అంటే కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కున్న దూరానికి రెండింతల పైనే. కోటగోడ చుట్టుకొలతే 2.7 కిలోమీటర్లు. అది మనుషులు కట్టింది: ఊరు పాత గోడ దాటి పెరిగిపోతే, 1327లో అప్పటి జర్మన్ పాలకుడు బవేరియా లుడ్విగ్ ఆనతితో కొత్త గోడ మొదలైంది. పాత గోడ ఆనవాలు వీధుల వంపులో నేటికీ కనిపిస్తుంది. కొత్త గోడ మీద నడవాకు పైకప్పు ఉంది, వాన నీరు గోడలోకి దిగదు. అందుకే ఇవాళ్టికీ ఐదు దర్వాజాల మీదుగా గోడ చుట్టూ తిరిగి రావచ్చు. మన మట్టికోటకు ఆ రక్షణ లేదు. గడ్డి పోయిన చోటల్లా వాన గట్టును కోసేస్తుంది.

గోడ వరకైతే ఖిలా వరంగల్‌తో పోలిక సరే. గుంతకు మాత్రం మన దేశంలో తోబుట్టువు మహారాష్ట్రలోని లోనార్ సరస్సు. సవరణ వేసేటప్పుడు దాని ఫొటో పక్కనే పెట్టగలరు.

– ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ