చోడిపిండి కేకు సంగతి

అక్కయ్యపాలెం,
ఆదివారం

అమ్మలూ,

నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. మెసేజ్ పెడితే ఓ బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటున్నావు. ఏం తోచక రాస్తున్నాను, అంతే. సరోజ పిన్ని ఏదో అంది గానీ నేను పట్టించుకోలేదు.

సాయంత్రం టీలోకి కేకులూ బిస్కెట్లూ ఇంట్లోనే చేస్తున్నావట, మైదా, పంచదార లేకుండా. మంచిదే. ఒట్టి చోడిపిండితో, అదే రాగిపిండితో, చేస్తే రాలిపోతుంది, దానికి జిగురుండదు. సగం గోధుమపిండి కలిపి, పెరుగులో అరగంట నాననివ్వు. అనకాపల్లి బెల్లమైనా సరే, కరిగించి వడకట్టాల్సిందే. బెల్లం తొందరగా మాడుతుంది కాబట్టి ఓవెన్ 180 కాదు, 160 దగ్గర పెట్టి ఇంకాసేపు ఉంచు. అర్ధరాత్రి దాకా చేస్తున్నావట కదా, మరి పొద్దున్నే ఆఫీసుకి ఎలా లేస్తున్నావు? వెళ్తున్నావు కదా?

మీ నాన్నగారి కేకు గుర్తుందా? నువ్వు రెండో క్లాసు. కుక్కర్లో ఇసుక పోసి చేయొచ్చని ఎక్కడో చదివారు. ఉప్పు పోయండి అన్నాను, వింటేనా! పెద్ద మావయ్య స్కూటరేసుకుని లాసన్స్ బే బీచికి వెళ్లి సంచీడు ఇసుక మోసుకొచ్చాడు. కడిగారా? లేదు. గ్యాస్కెట్ తీశారు, వెయిట్ తీశారు, ఆ మాత్రం తెలివుంది. పావుగంటకి ఇల్లంతా ఎండుచేపల కంపు. కింద వాటా మామ్మగారు ముక్కు మూసుకుని మెట్లెక్కి వచ్చారు. మీ నాన్నగారు తలుపు తీయకుండానే "కేకండీ, కేకు!" అని లోపల్నుంచి కేకలు. తీరా చూస్తే అడుగు మాడింది, మధ్యలో పిండి పిండిగానే ఉంది. నువ్వు మాత్రం గిన్నెడు తిన్నావు. ఆ కుక్కర్ మళ్లీ పప్పుకి పనికిరాలేదు.

ఇంట్లోకి చేసుకోవడం వేరు, అమ్మకానికి చేయడం వేరు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత వాళ్ల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలట, ఊరికే కనుక్కున్నాను. చేతిలో కొన్ని నెలల జీతం దాచుకోకుండా ఎవరూ ఇలాంటివి మొదలుపెట్టకూడదు. వేళకి అన్నం తినాలి. టీ, బిస్కెట్టు భోజనం కాదు.

నువ్వు ఉద్యోగం మానేశావంటోంది పిన్ని. మానేస్తే మానేశావు, ఆ మాట మాకు పిన్ని చెప్పాలా?

తాటిబెల్లం, జీడిపప్పు, చోడిపిండి బస్సు పార్సిల్లో వేశాను. పిండి ఎండబెట్టి జల్లించే పంపాను, మళ్లీ జల్లించకు. మూడింటికి మీ నాన్నగారు పడుకుంటారు, అప్పుడు ఫోన్ చెయ్యి. స్టీలు డబ్బాలు రెండూ నాకు తిరిగి కావాలి, ఎవరికీ ఇచ్చేయకు.

అమ్మ