మర్నాడు కూడా రావాలనిపించేలా

తార్నాక, హైదరాబాద్.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మియాపూర్‌లో నువ్వు పనిచేస్తున్న జిమ్ములో వచ్చే నెల నుంచి కొత్తవాళ్ల బ్యాచ్‌ను నీకే అప్పగిస్తున్నారని, చేరినవారిలో ఎక్కువమంది నలభై దాటినవారేనని, వాళ్లను ఎలా మొదలుపెట్టించాలో వివరంగా రాసి పంపమని అడిగావు. బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పడం నా ఉద్యోగం. పదవీ విరమణ తరువాత మన కాలనీ పార్కులో పెద్దవాళ్లకు నేర్పుతున్నాను. ఈ రెండూ ఒకటే పని కావు. పిల్లవాడు పడితే లేచి మళ్లీ పరుగెత్తుతాడు. యాభై ఏళ్ల మనిషి నడుము పట్టేసినా, నలుగురిలో చిన్నబోయినా ఎవరికీ చెప్పకుండా మానేస్తాడు. కట్టిన ఫీజు పోయినా తిరిగి రాడు. కాబట్టి మొదటి మూడు నెలలు నీ పని ఒక్కటే అనుకో: వచ్చిన మనిషి ఒంటికి దెబ్బ తగలకుండా, మనసు నొచ్చుకోకుండా మర్నాడు కూడా రావాలి. బలం పెరగడం, బరువు తగ్గడం ఆ తరువాతి మాట.

నీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇంటర్మీడియట్‌లో ఎంసెట్ కోచింగ్ మొదలైన రోజునే ఆటలకు దూరమైనవారు. ఆడవాళ్లలో ఆటస్థలంలో ఎన్నడూ అడుగు పెట్టనివారు కూడా ఉంటారు. అందుకే మొదటి రోజు బరువులు ముట్టించకుండా, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడు. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో నొప్పి గానీ బిగువు గానీ ఉంటుందా, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డారా, బీపీ ఉందా, షుగరు ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఏ ఆపరేషన్లు జరిగాయి, ఏ కీలు ఇబ్బంది పెడుతోంది అని ఒక్కొక్కటీ అడిగి రాసుకో. మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. అంటే నీ బ్యాచ్‌లో షుగరు ఉన్నవారు తప్పక ఉంటారు, ఉన్నట్టు తెలియనివారు కూడా ఉండవచ్చు.

ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం చెప్పినవారిని డాక్టరు చూసి సరేనన్న తరువాతే మొదలుపెట్టించు. ఈ విషయంలో మేనేజరు తొందరపెట్టినా ఒప్పుకోకు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామంలో షుగరు పడిపోవచ్చు. వాళ్లు పరగడుపున రాకూడదని ముందే చెప్పి, చెమటలు, వణుకు, తికమక కనిపించగానే ఆపించి గ్లూకోజు ఇవ్వు. ఒక ప్యాకెట్టు ఎప్పుడూ నీ బల్ల సొరుగులో ఉండాలి. బీపీకి మెటోప్రొలాల్, ఎటెనొలాల్ వంటివి వాడేవారి గుండె ఎంత శ్రమపడినా అందరి గుండెలా వేగంగా కొట్టుకోదు, కనుక చేతి గడియారం చూపే అంకెను నమ్ముకోకు. మాట్లాడించి చూడు. వాక్యం పూర్తిచేయగలుగుతూ, పాట మాత్రం పాడలేని స్థితిలో ఉంటే అది మధ్యస్థమైన శ్రమ, కొత్తవారికి అది చాలు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టనివ్వకు, ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, దించేటప్పుడు పీల్చడం బరువులు మొదలుపెట్టిన రోజే అలవాటు చేయి.

ఇక ఎంత చేయించాలన్న ప్రశ్న. నా అభిప్రాయంలో ట్రైనర్ల పనితనం తెలిసేది ఇక్కడే. చెమటతో తడిసి, కాళ్లు వణికి, మెట్లు దిగలేక ఇంటికి వెళితేనే డబ్బుకు తగ్గ వ్యాయామం జరిగిందని కొత్తవారూ అనుకుంటారు, వాళ్లను మెప్పించాలని కుర్ర ట్రైనర్లూ అనుకుంటారు. అలవాటు లేని కండరం, ముఖ్యంగా బరువును కిందికి దించేటప్పుడు సాగుతూ పనిచేసిన కండరం, ఆ రోజు కాక తరువాత 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా నొప్పి పెడుతుంది. సోమవారం నువ్వు అతిగా చేయించిన గుంజీళ్ల ఫలితం బుధవారం ఆ మనిషి ఆఫీసులో కుర్చీలోంచి లేవలేనప్పుడు తెలుస్తుంది, గురువారం ఆయన రాడు. మొదటి రెండు వారాలు చేయగలిగినదానిలో సగమే చేయించు. ఆ తరువాత కూడా, ఇంకా రెండు మూడు సార్లు చేయగలననిపిస్తుండగానే సెట్టు ఆపించు. కొద్దిపాటి ఒళ్లు నొప్పులు సహజమని, రెండు మూడు రోజుల్లో పోతాయని ముందుగానే చెబితే భయపడరు. అయితే నొప్పి, వాపు భరించలేనంతగా ఉండి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారితే అది ఒళ్లు నొప్పి కాదు. కండర కణాలు దెబ్బతిని వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేటు చేసే రాబ్డోమయోలిసిస్ కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

మూడో వారమో నాలుగో వారమో వచ్చేసరికి వాళ్లకు బలం పెరిగినట్టు తెలుస్తుంది. అది ఎక్కువగా మెదడు, నరాలు కండరాన్ని వాడుకోవడం నేర్చుకున్నందువల్ల వచ్చిన బలం. కండరం పెరగడానికి ఇంకా సమయం పడుతుంది, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు గట్టిపడడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఉత్సాహం ఎక్కువై మోచేతులు, భుజాలు, మోకాళ్లు నొప్పి మొదలయ్యేది సరిగ్గా ఈ దశలోనే. అప్పుడు వాళ్లను నెమ్మదిగా నడిపించడం మొదటి రోజు ప్రోత్సహించడం కంటే కష్టం, నువ్వు గట్టిగా ఉండాలి.

ఏమి చేయించాలన్నది నీకు నేను చెప్పనక్కరలేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, తుంటి దగ్గర వంగి నేల మీది వస్తువు ఎత్తడం, రెండు చేతులా బరువు పట్టుకుని నడవడం చాలు. ప్రతిదాన్నీ వాళ్ల రోజువారీ పనితో కలిపి చెప్పు: మెట్రో స్టేషను మెట్లు, రైతుబజారు నుంచి మోసే సంచులు, పూజలో కింద కూర్చుని చేయి ఆనించకుండా లేవడం. తప్పులు అయిదు కనిపించినా ఒక్కటే చెప్పి, అది కుదిరాక రెండోది చెప్పు. ‘అలా కాదు’ అనడం మాని ‘ఈసారి ఇలా చేసి చూడండి’ అను.

పిలుపు కూడా వ్యాయామంలో భాగమే. నలభై రెండేళ్ల ఆవిడను అందరి ముందూ ‘ఆంటీ’ అని పిలిస్తే ఆవిడ వయసు ఆవిడకు గుర్తుచేసినట్టే; పేరు చివర ‘గారు’ చేర్చి పిలువు. నడుమో భుజమో సరిచేయడానికి తాకవలసి వస్తే, నువ్వు ఆడపిల్లవే అయినా, ముందు అడుగు. బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతామన్న భయం ఇప్పటికీ పోలేదు. ఆడవాళ్లలో కండ పెంచే హార్మోను టెస్టోస్టిరాన్ మగవాళ్లకన్నా చాలా తక్కువ కాబట్టి అలా జరగదని, నెలసరి ఆగిన తరువాత వేగంగా తగ్గే ఎముకల సాంద్రతను నిలుపుకోవడానికి బరువులెత్తడం తోడ్పడుతుందని ఓపికగా చెప్పు.

ప్రోటీన్ పొడి డబ్బాలు మాత్రం అమ్మకు తల్లీ, కమిషన్ ఎంత ఇచ్చినా సరే. మా ఇంటికి దగ్గరలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కండ పెంచుకోవడానికి అలాంటి పొడులు వద్దనే చెప్పాయి. ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను సిఫారసు చేశారు. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. అన్నం కాస్త తగ్గించి పప్పు, పెరుగు, గుడ్డు, శనగలు పెంచితే అది వంటింట్లోనే సమకూరుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ సలహా కూడా ఇవ్వకు, డాక్టరుకు వదిలెయ్యి.

వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ అంకెను మొదటి రోజే ఎదురుగా పెడితే కొత్త మనిషి బెదిరిపోతాడు; అసలు చేయకపోవడం కంటే ఎంతో కొంత చేయడం మేలని కూడా వాళ్లే చెప్పారు, నువ్వు ఆ మాటతో మొదలుపెట్టు. మొదటి నెల బరువు తూచే యంత్రం ఎక్కించకు. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో మొదటి వారం రాసిపెట్టి, ఎనిమిదో వారం మళ్లీ లెక్కపెట్టి చూపించు.

బోనాలు, బతుకమ్మ, రంజాన్ ఉపవాసాలు, మాఘమాసపు పెళ్లిళ్లు ఉన్న ఊరు మనది. మనుషులు మానేస్తారు, మళ్లీ వస్తారు. వచ్చినప్పుడు ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఆపిన చోటికన్నా కాస్త వెనక నుంచి మొదలుపెట్టించు. వరుసగా రెండు క్లాసులు రానివారికి మూడో రోజు సాయంత్రం నువ్వే ఫోను చెయ్యి. ఇప్పటికే నీ దగ్గరికి వస్తున్నారని నువ్వు రాసిన, మోకాళ్ల నొప్పులున్న ఆ రిటైర్డు ఉపాధ్యాయినికి ఏ ఎత్తు కుర్చీతో మొదలుపెట్టావో, ఆవిడ ఎలా లేవగలుగుతున్నారో ఆదివారం లోపల నాకు రాయి. ఎత్తు చాలకపోతే కుర్చీ మీద దిండు వేయించు.

ఆశీస్సులతో,
నాన్న