బ్రాడ్లా వద్దన్నాడా, వద్దనిపించుకున్నాడా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో పందొమ్మిదో శతాబ్దపు నాస్తికుల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. తగ్గలేదు.

చార్లెస్ బ్రాడ్లా దేవుడి పేరిట ప్రమాణం చేయనని భీష్మించుకున్నాడనీ, అందుకే బ్రిటిష్ పార్లమెంటు బయటికి పంపిందనీ మీ వ్యాసకర్త ఒక్క వాక్యంలో తేల్చేశారు. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి, ఎలా ఊరుకోను?

1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచి వచ్చిన బ్రాడ్లా, ప్రమాణాలు చేయని క్రైస్తవ శాఖవాళ్ళైన క్వేకర్లకు ఉన్న వెసులుబాటే తనకూ ఇవ్వండి, దేవుడి పేరు లేకుండా మాట ఇస్తానన్నాడు. కుదరదన్నారు. సరే, అందరూ చేసే ప్రమాణమే చేస్తానన్నాడు. నాస్తికుడి నోట ఆ మాటకు విలువేముంది, అదీ కుదరదన్నారు. ఇందులో భీష్మించుకున్నది ఎవరండీ? సభలోంచి కదలనన్నందుకు బిగ్‌బెన్ గంట ఉన్న టవర్‌లో ఒక రాత్రి ఉంచారు. 1881 ఆగస్టులో లోపలికి రాబోతే సభ సిబ్బందీ పోలీసులూ కలిసి మెట్ల మీదుగా ఈడ్చుకుపోయారు, కోటు చిరిగింది. మరుసటి ఫిబ్రవరిలో ఆయనే జేబులోంచి బైబిల్ కొత్త నిబంధన పుస్తకం తీసి, తనకు తానే ప్రమాణం చదువుకుని, కాగితం మీద సంతకం పెట్టేశాడు! మళ్ళీ వెళ్ళగొట్టారు. నార్తాంప్టన్ బూట్లు కుట్టే పనివాళ్ళ ఊరు. వాళ్ళు మాత్రం విసుక్కోకుండా ఐదుసార్లు ఆయన్నే గెలిపించారు.

ప్రధాని గ్లాడ్‌స్టన్ 1883లో, దేవుడి పేరు లేకుండా మాట ఇచ్చే వీలు కల్పించే బిల్లు తెస్తే మూడంటే మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. చివరికి 1886లో స్పీకర్ పీల్, ఎవరి అభ్యంతరమూ విననని ప్రమాణం చేయనిచ్చాడు. 1888లో బ్రాడ్లాయే చట్టం తెచ్చి, తర్వాత వచ్చేవాళ్ళకు ఆ తిప్పలు తప్పించాడు. ఇంత కథ మీ వ్యాసంలో "బయటికి పంపింది" అన్న రెండు మాటలైంది. ఆయన 1889లో బొంబాయి కాంగ్రెస్‌కు వచ్చిన సంగతి గానీ, 1891లో అంత్యక్రియలకు ఇరవై ఒక్కేళ్ళ గాంధీ వెళ్ళిన సంగతి గానీ అసలే లేవు. గాంధీ గారు ఆత్మకథలో రాసుకున్నారే, అదైనా తిరగేయలేకపోయారా?

నేను నాస్తికుణ్ణి కాను. శనివారం వెంకన్న గుడికి వెళ్ళనిదే నాకు తోచదు. అయినా చెబుతున్నాను, ఈ గొడవ మనకు దూరపుది కాదు. మూడేళ్ళ క్రితం పొలం గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పడానికి నా మిత్రుడు కోర్టుకు వెళ్తే తోడుగా వెళ్ళాను. "దేవుని ఎదుట" అని మొదలుపెట్టమంటే, ఆయన "మనస్సాక్షిగా అంటానండీ" అన్నాడు. అక్కడి గుమాస్తా కళ్ళద్దాల మీదుగా చూసి, "మీరు క్రిస్టియనా సార్?" అన్నాడు. వాళ్ళకూ దేవుడున్నాడు కదయ్యా! మన 1969 ప్రమాణాల చట్టంలోనే ఆ వెసులుబాటు ఉందని నచ్చజెప్పేసరికి పావుగంట పట్టింది. వెనక బెంచీవాళ్ళు మావాణ్ణి దొంగను చూసినట్టు చూశారు.

తెలియకపోతే తెలుసుకుందామన్న ధ్యాస ఇప్పుడు ఎవరికుంది? తారీఖులు సరిచూద్దామని మా ఊరి లైబ్రరీకి వెళ్తే విజ్ఞాన సర్వస్వాల బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన లీవు. ఒకప్పుడు మీ పత్రికలో పాఠకుడి చేతికి వచ్చే ముందు ప్రతి పేజీని ఒక పెద్దాయన చదివేవారని విన్నాను. ఇప్పుడు చదువుతున్నదెవరో గానీ, ఒకే వ్యాసంలో బ్రాడ్లా, బ్రాడ్‌లాగ్, బ్రాడ్లాఫ్ అని ముగ్గురు కనిపించారు.

సవరణ వేస్తే అదే అనుబంధంలో, అదే పేజీలో వేయండి, సంతాపాల పక్కన చీమతలంత అక్షరాల్లో కాదు. ఇంకో మాట. బ్రాడ్లాకు గడ్డం లేదు. మీరు అచ్చేసిన ఫోటో డార్విన్‌ది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు