చేబ్రోలు పక్కన సినగాగ్ పండుగలు కూడా జిల్లా పేజీలో వేయండి

సంపాదకుల వారికి,

మీ గుంటూరు ఎడిషన్‌లో రోజూ 'నేటి కార్యక్రమాలు' అని ఒక కాలమ్ వేస్తారు. గుళ్లలో అభిషేకాలు, చర్చిల్లో ఉపవాస కూటాలు, దర్గాల దగ్గర ఉరుసులు, చివరికి షటిల్ టోర్నమెంటు, కంటి పరీక్షల శిబిరం కూడా అందులో ఉంటాయి. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెంలో ఒక యూదుల సినగాగ్ ఉంది (తెలుగు బైబిల్ చదివినవాళ్లకు సమాజమందిరం అంటే తెలుస్తుంది), పెట్టి ముప్పై ఏళ్లు దాటింది, దాని ఊసు మాత్రం ఆ కాలమ్‌లో నేనెప్పుడూ చూడలేదు.

అసలు రాయలేదని అనను. ఇజ్రాయెల్‌లో ఏదో జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని వెళ్తారు, తలకు టోపీ పెట్టుకున్న పెద్దాయన ఫొటో ఒకటి, 'తెలుగు యూదులు' అని పెద్ద అక్షరాల హెడ్డింగు ఒకటి, లోపల మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న: వీళ్లు నిజంగా యూదులేనా? బైబిల్లో చెప్పే ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం నుంచి వచ్చామని వాళ్లు చెప్పుకుంటారు, అందుకే బెనె ఎఫ్రాయిమ్ (ఎఫ్రాయిము సంతానం) అని పేరు. ఆ వాదాన్ని చరిత్రకారులు తేల్చుకుంటారు, ఇజ్రాయెల్ ప్రభుత్వం గుర్తిస్తుందో లేదో అది దాని ఇష్టం. మాదిగ కుటుంబాల వాళ్లు, అంతకు ముందు బాప్టిస్టు చర్చికి వెళ్లినవాళ్లు, షముయేల్, సాదోక్ యాకోబి అన్నదమ్ములు ముందు నిలబడితే వాళ్ల వెంట నడిచి తమకంటూ ఒక ప్రార్థన స్థలం కట్టుకున్నారు. గుడికి వెళ్లేవాడిని మనం తాతముత్తాతల రుజువులు అడగం కదా, వీళ్లని మాత్రం ఎందుకు అడగాలి? మాదిగలు కాబట్టే ఈ అడగడం ఇంత సులువుగా వస్తోందని నా అనుమానం.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఈ సెప్టెంబరు యూదులకు ఏడాది మొత్తంలో పెద్ద నెల. 2026లో వాళ్ల కొత్త సంవత్సరం, రోష్ హషానా, సెప్టెంబరు 11 శుక్రవారం పొద్దుగూకినప్పుడు మొదలై ఆదివారం దాకా ఉంటుంది, వాళ్ల లెక్కలో అది 5787. పంచాంగం చూసే అలవాటున్న మనవాళ్లకి ఇది చెప్పడం చాలా తేలిక. వాళ్లదీ చాంద్రమానమే, అమావాస్య వెళ్లాక కొత్త నెల, పంతొమ్మిదేళ్లలో ఏడు అధిక మాసాలు. మనకి ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చినట్టే వాళ్లకి వచ్చే ఫిబ్రవరి నుంచి అదార్ నెల వరసగా రెండుసార్లు వస్తుంది. అందుకే ఈసారి వాళ్ల కొత్త సంవత్సరం మన భాద్రపద పాడ్యమి దగ్గర, మన వినాయక చవితి (14న) వాళ్ల పండుగ అయిన మర్నాడు. పదో రోజు, అంటే 20 ఆదివారం సాయంత్రం నుంచి 21 సోమవారం చీకటి పడేదాకా, యోమ్ కిప్పూర్. బైబిల్లో ప్రాయశ్చిత్తార్థ దినం అంటారే, అదే. ఇరవై ఐదు గంటలు మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ సోమవారం పిల్లలకి బడి ఉంటుంది, పెద్దలకి పొలం పని ఉంటుంది. కూలి మీద బతికే ఇళ్లు ఎక్కువున్న చోట ఒక రోజు పని మానుకోవడం అంటే చిన్న మాట కాదు.

పౌర్ణమికి, 25 రాత్రి నుంచి, పర్ణశాలల పండుగ. ఇది నాకు అన్నిటికన్నా నచ్చే పండుగ. ఆరుబయట పందిరి వేసి వారం రోజులు అందులో భోజనం చేయాలి, పైకప్పు చెట్టు నుంచి కోసిన ఆకుతోనే వేయాలి, రాత్రి పూట నక్షత్రాలు కనపడేంత పలచగా ఉండాలి. రేకులు, టార్పాలిన్ పనికిరావు. న్యూయార్క్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో ఇందుకోసం వెదురు చాపలు కొనుక్కొచ్చి నానా అవస్థ పడతారు, మన దగ్గర తాటాకుకీ కొబ్బరి మట్టకీ కరువేముంది? ఈ పండుగ ప్రార్థనలో చేతిలో పట్టుకునే నాలుగు రకాల కొమ్మలు, కాయల్లో ఖర్జూరపు మట్ట ఒకటి, మాదీఫలం ఒకటి. వానే ఇబ్బంది, మన సెప్టెంబరు సంగతి తెలిసిందే. అది అయిపోగానే అక్టోబరు 4న తోరా గ్రంథం (బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు) చివరి అధ్యాయం చదివి, అదే పూట మళ్లీ ఆదికాండం మొదటి నుంచి ఎత్తుకుని, గ్రంథాన్ని ఎత్తుకుని ఆడతారు పాడతారు. డిసెంబరు 4 సాయంత్రం నుంచి ఎనిమిది రోజులు దీపాల పండుగ హనుక్కా.

కొచ్చిలో 1568 నాటి సినగాగ్ చూడడానికి మనవాళ్లు టూర్ ప్యాకేజీలో వెళ్తారు, నీలి చైనా పలకల నేల చూసి మురిసిపోతారు. అక్కడ భవనం ఉంది, సామూహిక ప్రార్థనకి కావలసిన పదిమంది మగవాళ్లు పోగవడమే కష్టం, ఎక్కువమంది 1950లలోనే ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. కొత్తరెడ్డిపాలెంలో భవనం చిన్నది, చెప్పుకోవడానికి ఏమీ లేదు, కానీ 40 కుటుంబాల దాకా ఉన్నాయంటారు, తెలుగులో, హీబ్రూలో ప్రార్థన చేస్తారు. కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేసి అంత దూరం పోయి ఫొటోలు దిగడం మన అలవాటు, ఏం చేస్తాం.

ఇంకొకటి, బడుల సంగతి. యూదులకి విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం వరకు, రాయడం కూడా ఆ రోజు చేయకూడని పనే. మన బడుల్లో శనివారం పరీక్ష పెట్టడం మామూలే. ఒక పిల్లవాడి కోసం తేదీ మార్చమని ఎవరూ అడగరు, తర్వాత రోజు రాసే వీలు ఉంచితే చాలు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చాయి, ఆ మాట ఇక్కడ కూడా మాట్లాడుకోవాలి. పైగా 1950 నాటి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా, కాబట్టి కాగితం మీద యూదుడని రాసుకుంటే రిజర్వేషన్ పోతుంది. అలాంటప్పుడు జనాభా లెక్కల్లో ఎంతమంది ధైర్యంగా యూదులమని రాయించుకుంటారు? మీ విలేకరులు ఎవరైనా దీని మీద రాస్తే బాగుంటుంది, గోత్రం గురించి ఇరవయ్యోసారి రాయడం కన్నా.

కాలమ్‌లో వేసేముందు అక్కడి పెద్దల్ని అడిగి సమయాలు తెలుసుకోండి, వద్దంటే వదిలేయండి, భద్రత భయం వాళ్లకి ఉంటే అదీ న్యాయమే. ఫొటో కావాలంటే మాత్రం సెప్టెంబరు 12న వెళ్లకండి, అది శనివారం, ఆ రోజు ఫొటోలు తీయనివ్వకపోవచ్చు, కొత్త సంవత్సరానికి ఊదే పొట్టేలు కొమ్ము కూడా శనివారం ఊదరు. 13 ఆదివారం పొద్దున్నే ఊదుతారు, అదీ పండుగ రోజే, కెమెరా తెచ్చుకోవచ్చా అని ముందే అడిగి వెళ్లండి.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు