శీనూకి, అంజలీ కబురు

ఒరేయ్ శీనూ,

రెండు నెలలైంది నీకు రాసి. తప్పు నాదే, కోప్పడకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఇక్కడ దోహాలో ఎండా తగ్గింది, డ్యూటీ మామూలే. అవన్నీ తర్వాత. ఇది నీకు చెబితే గానీ నాకు నిద్ర పట్టదు.

మా వర్క్‌షాపులో ఒక ఇరానీ పెద్దాయన చేరారు. ఊరు బందర్ అంజలీ. నవ్వకు! ఇంటర్ సెకండియర్ బస్టాప్ నాకూ గుర్తొచ్చింది. కాస్పియన్ ఒడ్డున రేవురా అది. ఎప్పుడూ వాన, చుట్టూ వరి పొలాలు, ఇంట్లో చేపా అన్నమూ. ఇరాన్ అంటే ఎడారే అనుకున్నాం కదా మనం.

ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు మలవాన్. 1969లో నౌకాదళం నీడలో పుట్టింది. మలవాన్ అంటే నావికుడట. నేవీ ఊళ్ళో పెరిగిన మనకి ఆ పేరు ఎంత దగ్గరగా ఉంది చూడు! జనం మాత్రం ముద్దుగా తెల్ల హంస అంటారు. అక్కడి మడుగుకి చలికాలం హంసలు వస్తాయి. బహ్మన్ సాలెహ్‌నియా అనే ఆయన మొదటినుంచీ దాన్ని బిడ్డలా పెంచాడు. మీ తాతయ్య హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పేటప్పుడు కోచ్ రహీం సాబ్ పేరు ఎలా పలికేవారు? 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులని వేళ్ళు మడిచేవారు కదా, మా పెద్దాయనా అలాగే మడిచారు. 1976, 1987, 1991. మూడు హజ్ఫీ కప్పులు, అంటే ఇరాన్ దేశం కప్పు. ఓడితే ఇంటికే, అలాంటి పోటీ. 1991 ఫైనల్లో కొట్టింది ఎవర్నో తెలుసా? టెహ్రాన్ మహా జట్టు ఎస్తెగ్లాల్‌ని! లీగ్ టైటిల్ మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో వెలితేమీ లేదు.

అసలు సంగతి ఇప్పుడు. సీరూస్ గాయెగ్రాన్. అంజలీ కుర్రాడు, మలవాన్ మిడ్‌ఫీల్డర్, తర్వాత ఇరాన్ కెప్టెన్. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం అతని కెప్టెన్సీలోనే వచ్చింది. ఫైనల్లో ఉత్తర కొరియా, పెనాల్టీలు... నువ్వు మూడో పోలు దగ్గర కొట్టిన పెనాల్టీ గుర్తొచ్చింది, సరేలే. చిన్న ఊరి నావికుల జట్టు నుంచి వచ్చినవాడి చేతికి దేశం పట్టీ కట్టిందిరా! ఈ ఖతర్‌లోనూ కొన్నాళ్ళు ఆడాడట. అది చెప్పి పెద్దాయన కిటికీ వైపు చూశారు.

1998 ఏప్రిల్‌లో కారు ప్రమాదం. సీరూస్, పక్కన చిన్న కొడుకు. ఇద్దరూ పోయారు. అప్పటికి అతనికి నలభై కూడా లేవు. ఇంకో రెండు నెలల్లో ఫ్రాన్సులో ప్రపంచకప్పు, ఇరవై ఏళ్ళ తర్వాత ఇరాన్ ఆడబోతున్నది. పెద్దాయన ఇంకేమీ చెప్పలేదు. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. నేనూ ఏమీ అడగలేకపోయాను.

ఇప్పుడు అంజలీ స్టేడియానికి అతని పేరే. క్లబ్బు నౌకాదళం చేతుల్లోంచి వెళ్ళిపోయింది. 2016లో కింది డివిజన్‌కి జారింది. ఆరేళ్ళు! మళ్ళీ 2022లో పైకొచ్చింది. ఆ రాత్రి ఊరికి ఫోన్ చేస్తే అవతల కేకలే తప్ప మాట వినపడలేదట ఆయనకి. ఆ ముఖం నువ్వు చూడాల్సిందిరా.

ఒకటి అనుకుంటున్నాను, వచ్చే సంక్రాంతికి నేను వచ్చినప్పుడు మన పాత గ్రౌండులో కుర్రాళ్ళని పోగేసి... ఉండు, కింద షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నాడు. మిగతాది రేపు రా