చరణం వచ్చేలోపే పాట అయిపోతోంది

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

ఈమధ్య పాప్ చార్టుల్లో టాప్‌లో ఉన్న పాటలు వరసపెట్టి విన్నాను, ట్యూన్లు బానే ఉన్నాయి, పాడేవాళ్ళు కూడా ప్రాణం పెట్టి పాడుతున్నారు, కానీ చాలా పాటలు రెండున్నర నిమిషాలకే అయిపోతున్నాయేంటండీ? స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క, అందుకే కాబోలు ఇంట్రో మ్యూజిక్ లేపేసి డైరెక్ట్‌గా హుక్ లైన్‌తో, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చి చెవిలో ఉండిపోయే లైన్‌తో మొదలుపెట్టేస్తున్నారు. 1958లో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100 మొదలైనప్పుడు రికార్డుల అమ్మకాలు, రేడియోలో ఎన్నిసార్లు వేశారు అనేవి చూసేవాళ్ళు, ఇప్పుడు స్ట్రీమింగ్ కూడా కలుపుతున్నారు, అది తప్పని అనను, జనం నిజంగా ఏం వింటున్నారో తెలుస్తుంది కదా.

నా బాధల్లా రెండో చరణం గురించే. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్‌లో ఒక పాట వింటుంటే మొదటి చరణం అయ్యాక గిటార్ ఒక్కటే మిగిలింది, సింగర్ ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది, అబ్బ ఇప్పుడు అసలు సంగతి వస్తుంది అనుకున్నా, మళ్ళీ అదే హుక్ రెండుసార్లు తిప్పి ఆపేశారు! ఎంత ఉసూరుమనిపించిందో. మంచి గొంతు ఉన్నవాళ్ళకి ఇంకో నిమిషం ఇవ్వండి, మేం స్కిప్ చెయ్యం.

ఇట్లు,
ఒక పాటల పిచ్చి పాఠకుడు